బూట్లు విప్పకముందే విసిల్ కొనుక్కో: మన తిరుపతి ఫుట్‌బాల్ ప్లేయర్లు కోచ్‌లు కావాలంటే

నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. మ్యాచ్ అయిపోయాక గ్రౌండ్ బయట టీ కొట్టు దగ్గర, మోకాలికి ఐస్ గుడ్డ చుట్టుకుని, గ్లాసు పట్టుకుని, "అన్నా, ఇంక కాళ్లు మాట వినడం లేదు, కోచింగ్‌లోకి దిగుదామనుకుంటున్నా, ఎట్ల మొదలుపెట్టాల?" అని. ప్రతిసారీ అరగంట చెప్తాను, వాళ్లు తలూపుతారు, టీ డబ్బులు నేనే ఇస్తాను, ఆర్నెల్ల తరవాత చూస్తే మనోడు అక్కడే ఉంటాడు. అందుకని అంతా ఒకసారి రాసి పెడుతున్నా. నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు, గ్రౌండ్‌లో మనకి మీరు గీరు ఎప్పుడూ లేవు.

ముందు నా సంగతి చెప్పేస్తా, ఎవరి మాట వింటున్నావో తెలియాలి కదా. నేను పెద్ద ప్లేయర్‌ని కాదు. ఎస్వీ యూనివర్సిటీ తరఫున సౌత్ జోన్ ఆడాను, తరవాత ఏడేళ్లు చెన్నైలో కింది డివిజన్ లీగ్‌లు ఆడాను. పొద్దున గరుడాద్రి రైలు ఎక్కి పోవడం, మ్యాచ్ ఆడి ఏదో ఒక బస్సు పట్టుకుని అర్ధరాత్రికి ఇల్లు చేరడం, అమ్మ మూత పెట్టి ఉంచిన సంగటి చల్లారిపోయి ఉండటం. 30 ఏళ్లకి మోకాలిలో లిగమెంట్ తెగింది. ఆపరేషన్, తొమ్మిది నెలలు ఇంట్లో, ఆ తరవాత కోచింగ్. అంటే నేను చేయకూడని పద్ధతిలో మొదలుపెట్టిన వాడిని. గోతిలో పడ్డాక మెట్లు ఎక్కడున్నాయో వెతుక్కున్నా.

ఆడుతుండగానే మొదలుపెట్టాలి, ఎందుకంటే

ఫుట్‌బాల్ ఎప్పుడు ఆపాలో చాలాసార్లు మనం నిర్ణయించం. సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం పేరు విన్నావు కదా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లిన జట్టులోనూ, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్న మనిషి, ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్లకే ఆట వదిలేయాల్సి వచ్చింది. అంత గొప్ప ఆటగాడికే అట్ల అయితే, గులకరాళ్ల గ్రౌండ్‌లో ఆడే మన చీలమండలకి గ్యారంటీ ఎవరిస్తారు? కాబట్టి 24, 25 ఏళ్ల నుంచే రెండో పని కూడా నేర్చుకుంటూ ఉండు. దానికి ఖర్చు ఏమీ లేదు, ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు.

ఆ నోట్‌బుక్‌లో ఏం రాయాలంటే, ప్రతి ప్రాక్టీస్ తరవాత కోచ్ ఏం చేయించాడు, ఎంతసేపు, ఎంతమందితో, ఎంత జాగాలో, అందులో నీకు ఏది పట్టుబడింది, ఏది విసుగు పుట్టించింది. ఇంతే. డ్రిల్ బొమ్మ గీసుకో, వంకరగా ఉన్నా పరవాలేదు. మ్యాచ్ తరవాత ఒక్క ప్రశ్నకి జవాబు రాయి: మనకి పడిన గోల్ ఎక్కడ మొదలైంది? గోల్‌కీపర్ దగ్గర కాదు, దానికి నాలుగైదు పాస్‌ల ముందు, ఎవడు ఎక్కడ లేకపోవడం వల్ల? మొదట్లో నాకు ఒక్క జవాబూ దొరికేది కాదు, ఎందుకంటే ఆడేటప్పుడు నేను బంతిని తప్ప ఇంకేమీ చూడలేదని అప్పుడు తెలిసింది. మిడ్‌ఫీల్డ్‌లో పదేళ్లు ఆడి ఆ సంగతి తెలుసుకోవడం సిగ్గుగానే ఉంటుంది, కానీ ఆ సిగ్గు పనికొస్తుంది.

కోచ్ సార్‌ని "ఎందుకు" అని అడగడం కూడా మొదలుపెట్టు. ఎదురు ప్రశ్న వేసినట్టు కాకుండా, ప్రాక్టీస్ అయ్యాక, కోన్లు ఏరుతూ. "సార్, ఈరోజు వింగర్లని లోపలికి ఎందుకు రమ్మన్నారు?" అని. కొందరు కసురుకుంటారు, కొందరు గంట చెప్తారు. ఎవరు చెప్తారో వాళ్ల దగ్గరే జూనియర్లకి వార్మప్ చేయించే పని అడుగు. డబ్బులు అడగొద్దు, అది నీకు ఫ్రీగా దొరికే కాలేజీ.

ఇంకొకటి, కాగితాలు. జిల్లా సెలెక్షన్ లెటర్, స్కూల్ గేమ్స్, ఇంటర్ యూనివర్సిటీ, రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ క్యాంప్ దాకా పోయి ఉంటే అదీ, అన్ని సర్టిఫికెట్లూ ఒక ఫైల్‌లో పెట్టి, స్కాన్ తీసి మెయిల్‌లో దాచుకో. స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకి ఫారం 2, ఫారం 3 అని అడుగుతారే, రాష్ట్రానికి ఆడితే ఒకటి, యూనివర్సిటీకి ఆడితే ఒకటి, వాటి మీద సంతకాలు అప్పటికప్పుడే పెట్టించుకోవాలి. పదేళ్ల తరవాత ఆ సంతకం పెట్టాల్సిన మనిషి రిటైరై ఎక్కడుంటాడో వెతుక్కుంటూ తిరిగినవాడిని నేను.

లైసెన్సు, డిప్లొమా, బీపీఎడ్: మూడూ ఒకటి కాదు

ఇక్కడే జాస్తి గందరగోళం. ఒక్కో తలుపుకి ఒక్కో తాళం అని పెట్టుకో.

గవర్నమెంట్ స్కూల్లో పీఈటీ కావాలంటే బీపీఎడ్ లాంటి వ్యాయామ విద్య కోర్సు ఉండాలి, అది చదివి డీఎస్సీ రాయాలి. మన ఎస్వీ యూనివర్సిటీలోనే ఫిజికల్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ ఉంది. ప్రభుత్వ క్రీడా సంస్థల్లో కోచ్ పోస్టులకి చాలావరకు పాటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా శిక్షణ సంస్థ) డిప్లొమా అడుగుతారు, అది ఏడాది కోర్సు. ఎన్ఐఎస్ వాళ్లదే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది, అది చేసి "నేను ఎన్ఐఎస్ కోచ్‌ని" అని చెప్పుకు తిరిగేవాళ్లు ఉన్నారు, డిప్లొమా వేరు, ఇది వేరు, నువ్వు మోసపోకు, ఎవరినీ మోసం చేయకు. ఇక క్లబ్‌లు, అకాడమీలు, లీగ్ టీమ్‌లు చూసేది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, ఆసియా సమాఖ్య ఇచ్చే కోచింగ్ లైసెన్సు. డీ, సీ, బీ, ఏ, ఆపైన ప్రో. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) టీమ్‌కి హెడ్ కోచ్ కావాలంటే ప్రో ఉండాలి. గోల్‌కీపర్ కోచ్‌లకి వేరే కోర్సులు ఉన్నాయి.

మన లాంటి వాళ్లకి మొదలు డీ. 18 ఏళ్లు నిండి ఉండాలి, కోర్సు సుమారు వారం రోజులు. ఎక్కడ, ఎప్పుడు అన్నది సమాఖ్య వెబ్‌సైట్‌లోనూ రాష్ట్ర అసోసియేషన్ ద్వారానూ వస్తుంది, సీట్లు తొందరగా అయిపోతాయి, కాబట్టి మన ఊళ్లోనే పెడతారని కూర్చోవద్దు. చెన్నైలో పెట్టినా బెంగళూరులో పెట్టినా అనంతపురంలో పెట్టినా పోయి రా. డీ అయ్యాక వెంటనే సీ మీద పడొద్దు. మధ్యలో కొంతకాలం నిజంగా కోచింగ్ చేసిన అనుభవం ఉండాలి, వాళ్లు అడుగుతారు కూడా.

ఆ వారంలో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తా. పొద్దున క్లాసు, తరవాత గ్రౌండ్, మళ్లీ క్లాసు. వయసుని బట్టి పిల్లల శరీరం, మనసు ఎట్ల ఉంటాయి, సెషన్ ఎట్ల రాసుకోవాలి, రూల్స్, గాయాలు. చివర్లో నీకు ఒక టాపిక్ ఇస్తారు, సాటి అభ్యర్థులే ఆటగాళ్లు, నువ్వు సెషన్ చేయించాలి, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ప్యాడ్ పట్టుకుని నిలబడి రాసుకుంటూ ఉంటాడు. పదేళ్ల ఆటలో పెనాల్టీ తీసేటప్పుడు కూడా నాకు అంత టెన్షన్ రాలేదు.

నా టాపిక్ షార్ట్ పాసింగ్. అది నా సొంత సరుకు అనుకుని ధీమాగా దిగా. పాదం ఎట్ల తిప్పాలి, ఆనించే కాలు ఎక్కడ పెట్టాలి, ఒళ్లు ఎట్ల వంచాలి అని మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయా, మధ్యలో నేనే రెండు పాస్‌లు చేసి చూపించా, బాగా పోయాయి కూడా. అయిపోయాక ఇన్‌స్ట్రక్టర్ నా ముందు స్టాప్‌వాచ్ పెట్టాడు. ఏడు నిమిషాలు నేనే మాట్లాడా. ఆ ఏడు నిమిషాల్లో బంతి తాకింది నేనొక్కడినే. "నువ్వు పాస్ చేయగలవని మాకు తెలుసు, వాళ్లు చేయగలరా అన్నదే నీ పని" అన్నాడు. ఆ మాట నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నా, ఇప్పటికీ ఉంది.

కోర్సుకి పోయేముందు ఇంకో చిన్న తయారీ. క్లాసులు ఎక్కువగా ఇంగ్లిష్, హిందీలో సాగుతాయి. మనకి ఆట తెలుసు, మాటలు తెలియవు. ప్రెస్సింగ్, ట్రాన్సిషన్, కంపాక్ట్, సపోర్ట్ యాంగిల్ లాంటి మాటలు ముందే విని, వాటికి మన భాషలో నువ్వు పిలకాయలకి ఏం చెప్తావో పక్కన రాసుకో. ఇది రెండు రకాలుగా పనికొస్తుంది, పరీక్షకీ, తరవాత గ్రౌండ్‌కీ. రూల్స్ కూడా కొత్తవి చదువుకుని పో. గోల్‌కీపర్ బంతిని 8 సెకన్ల కన్నా ఎక్కువసేపు పట్టుకుంటే ఎదుటి జట్టుకి కార్నర్ అని 2025లో మారింది, మన దగ్గర సీనియర్ కోచ్‌లే ఇంకా ఆరు సెకన్లు, ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ అని పాత రూల్ అరుస్తుంటారు.

మొదటి బ్యాచ్ చిన్నపిల్లలే అయి ఉండాలి

ఇది నా గట్టి అభిప్రాయం, చాలామందికి నచ్చదు. ఆట ఆపిన ప్లేయర్ నేరుగా సీనియర్ టీమ్ పట్టుకోవాలని చూస్తాడు, అక్కడ గౌరవం ఉంటుంది, మాట చెప్తే అర్థమవుతుంది, గెలిస్తే పేపర్లో ఫోటో వస్తుంది. కానీ అక్కడ నువ్వు కోచింగ్ నేర్చుకోవు, నీకు తెలిసిందే తెలిసినవాళ్లకి చెప్తూ ఉంటావు. తొమ్మిదేళ్ల పిలకాయకి "ఖాళీ జాగా చూసి కదులు" అంటే వాడు నిజంగా గ్రౌండ్ చివర ఖాళీగా ఉన్న చోటికి పోయి నిలబడతాడు. నాకు జరిగింది. అప్పుడు ఆ సంగతి వాడికి అర్థమయ్యేలా నువ్వు విడదీసి, ఆటగా మార్చి చెప్పాలి. అదే కోచింగ్.

మన దేశపు అతి గొప్ప ఫుట్‌బాల్ కోచ్ హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1951 ఢిల్లీలో, 1962 జకార్తాలో ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు ఆయన చేతి మీదే వచ్చాయి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది ఆయన దగ్గరే. ఆయన అసలు వృత్తి ఏమిటంటే బడిపంతులు. ఎడమ కాలు రానివాడికి ఎడమ కాలు వాడమని ఉపన్యాసం ఇవ్వకుండా, బలహీనమైన కాలితోనే ఆడాలి అని రూల్ పెట్టి కుర్రాళ్లకి పోటీలు పెట్టించేవాడట. చూడు, నోటితో చెప్పాల్సింది రూల్‌తో చెప్పించాడు. నేను ఆ ఒక్క ఉపాయాన్ని వారానికి ఒకసారైనా వాడతా.

ఇప్పుడు పదేళ్ల లోపు 16 మంది పిలకాయలు, 8 బంతులు, మునిసిపల్ స్కూల్ గ్రౌండ్‌లో ఒక మూల, గంటా పావు టైమ్ ఉందనుకో. (బంతి సైజు చూసుకో: ఏడెనిమిదేళ్ల లోపు వాళ్లకి 3, పన్నెండు దాకా 4, ఆపైనే 5. పెద్ద బంతి ఇస్తే పిల్లోడు బొటనవేలితో తంతాడు, అది అలవాటైతే మళ్లీ మాన్పించడం నీ తాతతరం కాదు.) నేను చేసేది ఇట్ల ఉంటుంది. పిల్లలు రాకముందే పది నిమిషాలు ముందుపోయి రాళ్లు, గాజు ముక్కలు ఏరి, కోన్లు పరిచి ఉంచుతా, వాళ్లు వచ్చాక కోన్లు పరుస్తూ కూర్చుంటే ఆ ఖాళీలో కొట్టుకుంటారు. గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టించను. మన కాలంలో ముందు పది రౌండ్లు, తరవాతే బంతి, గుర్తుందా? బంతి లేకుండా పరిగెత్తించడం వల్ల మనకి రౌండ్లు కొట్టడం వచ్చింది, అంతే. నేను దొంగా పోలీసు ఆడిస్తా: ఇద్దరిద్దరికి ఒక బంతి, బంతి ఉన్నవాడు దొంగ, లేనివాడు పోలీసు, నిమిషానికి మారాలి. పది నిమిషాల్లో చెమట, నవ్వులు, డ్రిబ్లింగ్, మూడూ అయిపోతాయి.

తరవాత నలుగురు నాలుగు మూలల్లో నిలబడి నడుమ ఒకడు, బంతి వాడికి అందకుండా పాస్‌లు. పదహారు మందికి మూడు గుంపులు పెట్టి, మిగిలిన ఒక్కడిని ఎక్కడో కలిపేస్తా. జాగా ఎనిమిది అడుగులేస్తే దాటేంత. పాస్‌లు తెగిపోతుంటే జాగా పెద్దది చేస్తా, సులువైపోతే చిన్నది చేస్తా. ఇది కోచ్ చేతిలో అన్నిటికన్నా పెద్ద ఆయుధం, మాట మాట్లాడకుండా కష్టం పెంచడం, తగ్గించడం. ఇక్కడ ఒక్క మాటే పట్టుకుంటా, రోజంతా అదే: "బంతి వచ్చేలోపల తల ఎత్తి చూడు." ఒకే సెషన్‌లో నాలుగు తప్పులు దిద్దొద్దు. పాదం తప్పుగా పెట్టాడా, పెట్టనీ, అది రేపటి సంగతి.

చివరి అరగంట మ్యాచ్. నలుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు, పక్కపక్కన రెండు చిన్న గ్రౌండ్లు, కోన్లే గోల్ పోస్టులు, గోల్‌కీపర్ లేడు. పదకొండు మందితో పెద్ద గ్రౌండ్‌లో పెడితే బంతి చుట్టూ గుంపు కట్టి బెల్లం చుట్టూ ఈగల్లా తిరుగుతారు, ఒక్కొక్కడికి బంతి అందేది రెండు మూడుసార్లు. నలుగురే అయితే తప్పించుకోవడానికి లేదు, ప్రతి పిల్లోడికీ బంతి వస్తుంది. ఆట మధ్యలో ఒకటి రెండుసార్లు మాత్రమే విసిల్ ఊది "ఆగండి, ఎక్కడివాళ్లు అక్కడే" అంటా. ఒకడిని అడుగుతా: "బంతి నీకు రాకముందు ఏం చూశావు?" జవాబు చెప్పేదాకా ఆగుతా. నోరు మూసుకుని ఆగడం నాకు రెండేళ్లు పట్టింది నేర్చుకోవడానికి, జవాబు నాలిక చివర ఉంటుంది కదా, చెప్పేయాలనిపిస్తుంది. చెప్పేస్తే వాడు నీ కళ్లతో ఆడతాడు, నువ్వు లేని రోజు గుడ్డివాడవుతాడు.

13, 14 ఏళ్లు దాటినవాళ్లకి మాత్రం వార్మప్ సీరియస్‌గా చేయించు. ఫిఫా వాళ్ల 11 ప్లస్ అని ఉంది, 15 వ్యాయామాలు, 20 నిమిషాలు, సామాన్లు ఏవీ అక్కర్లేదు. మెల్లగా పరుగు, తరవాత ఒంటికాలి బ్యాలెన్స్, స్క్వాట్‌లు, గెంతి సరిగ్గా దిగడం, చివర వేగంగా పరుగు. గాయాలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలిన వార్మప్ అది. నాకు పదిహేనేళ్లప్పుడు ఎవరైనా ఇది చేయించి ఉంటే, అని అప్పుడప్పుడు మోకాలు నిమురుకుంటూ అనుకుంటా. దానికి బదులు మాకు చేయించింది ఏంటంటే, ఆదివారం పొద్దున అలిపిరి నుంచి కొండకి పరుగు, 3,550 మెట్లు, దిగేటప్పుడు కూడా పరుగే. ఎక్కడం వల్ల నష్టం లేదు, పుణ్యం కూడానూ. దిగడమే మోకాళ్లని తినేసేది. నీ పిల్లల్ని ఎక్కించు, గోవిందా అనిపించు, దర్శనం చేయించు, దిగేటప్పుడు బస్సులో తీసుకురా.

మన గ్రౌండ్లు, మన ఎండ, మన అమ్మానాన్నలు

వీడియోల్లో చూసే కోచ్‌లకి పచ్చటి గడ్డి, నెట్లు, రంగురంగుల బొమ్మలు ఉంటాయి. మనకి తారకరామ స్టేడియంలోనో శ్రీనివాస స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లోనో జాగా దొరికితే అదృష్టం, చిత్తూరు వాళ్లకైతే మెసానికల్ గ్రౌండ్ ఉంది, మిగతా రోజుల్లో స్కూల్ గ్రౌండే గతి. అక్కడ క్రికెట్ వాళ్లు ఉంటారు, వాకింగ్ పెద్దలు ఉంటారు, ఏదో ఒక రోజు మీటింగ్‌కి షామియానా గుంటలు తవ్వి ఉంటారు. క్రికెట్ వాళ్లతో గొడవ పెట్టుకోకు, వాళ్ల కెప్టెన్‌తో టీ తాగు, టైమ్ పంచుకో. వాకింగ్‌కి వచ్చే రిటైర్డ్ సార్‌లకి దండం పెట్టి మాట కలుపు, గ్రౌండ్ తాళం కోసం హెడ్మాస్టర్ దగ్గరికి పోవాల్సి వచ్చినప్పుడు వాళ్లే నీ వెంట వస్తారు.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటుతుంది, ప్రాక్టీస్ పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఏడున్నరకల్లా ముగించెయ్యి, సాయంత్రం అయితే ఐదున్నర తరవాతే. పదిహేను నిమిషాలకోసారి నీళ్లు, అడిగినా అడగకపోయినా. "నీళ్లు తాగితే పరిగెత్తలేవు" అనే పాత మాట పూర్తిగా తప్పు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, ఆ రోజుల్లో వరండాలో కూర్చోబెట్టి ఫోన్‌లో ఒకే ఒక్క గోల్ పదిసార్లు చూపించి, ఎవడు ఎక్కడున్నాడో బొగ్గుతో నేల మీద గీయించు. తిండి సంగతికి పెద్ద డైట్ చార్ట్ అక్కర్లేదు. ఉడకేసిన చెనక్కాయలు, బెల్లం ముక్క, అరటిపండు, ఇంటికి పోయి సంగటో అన్నమో పప్పేసుకుని తినడం, కుదిరితే గుడ్డు. ప్యాకెట్ చిప్స్ మాన్పిస్తే సగం పని అయినట్టే.

పిల్లల కన్నా కష్టం పెద్దవాళ్లు. మన ఊళ్లో ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలు, తొమ్మిదికి రాగానే "సార్, ఈ సంవత్సరం చదువుకోనీండి" అని ఆపేస్తారు. వాళ్లతో వాదించకు. పిల్లోడిని చేర్చుకునే రోజే అమ్మానాన్నలతో కూర్చుని చెప్పు, వారానికి మూడు రోజులే, పరీక్షల నెలలో ఒక్కరోజే, కానీ పూర్తిగా మాన్పించొద్దు అని. "మావాడు మెస్సీ అవుతాడా" అని అడిగితే కాడు అని చెప్పేయి, నవ్వుతూ చెప్పు. ఆడపిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు వేరు: ఎవరు దింపుతారు, బట్టలు మార్చుకోవడానికి గది ఉందా, టోర్నమెంట్‌కి పోతే వెంట ఆడమనిషి ఎవరు? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలు, జవాబులు సిద్ధం చేసుకున్నాకే బ్యాచ్ మొదలుపెట్టు. మన పక్కనే అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్లు పల్లెటూరి ఆడపిల్లల్ని గ్రౌండ్‌కి తెచ్చి ఆడించి చూపించారు, కుదరదు అనే మాట ఇక్కడ చెల్లదు, ఒకసారి పోయి చూసి రా.

పిల్లల భద్రత గురించి ఒక్క ముక్క, కానీ గట్టిగా. ఏ పిల్లతోనూ ఏ పిల్లోడితోనూ తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండొద్దు, రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పెట్టొద్దు, ఏ సమాచారం అయినా తల్లిదండ్రులు ఉన్న గ్రూప్‌లోనే. ఎక్కడైనా తేడాగా అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. చెయ్యి ఎత్తడం, బెల్టు తీయడం, మనల్ని కొట్టారు కాబట్టి మనమూ కొట్టడం, అవి మనతోనే ఆగిపోవాలి.

సెలెక్షన్లు, బెంచీ, వయసు

మ్యాచ్ రోజు కోచ్‌గా నీకు పెద్ద పరీక్ష స్కోరు కాదు, బెంచీ మీద కూర్చున్న ముగ్గురు పిల్లలు. అండర్ 12 దాకా అందరినీ ఆడించు, ఓడిపోతే ఓడిపోనీ. రెఫరీని తిట్టకు, నువ్వు ఒక్కసారి తిడితే పదిహేను మంది నేర్చుకుంటారు.

వయసు దొంగ సర్టిఫికెట్ల జోలికి పోకు. "అందరూ చేస్తున్నారు సామీ" అంటారు. జిల్లా స్థాయిలో దాటిపోతుందేమో, పైకి పోతే మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్క కడతారు, అక్కడ దొరికితే పిల్లోడి భవిష్యత్తు, నీ పేరు, రెండూ పోతాయి. నా బ్యాచ్‌లో ఒక మంచి స్ట్రైకర్‌ని వాళ్ల నాన్న ఇందుకే వేరే చోటికి తీసుకుపోయాడు, నేను ఒప్పుకోలేదని. ఆ ఏడాది మేము జోనల్స్‌లో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాం. బాధగానే ఉండింది, అబద్ధం ఎందుకు.

డబ్బు మాట

మొదటి రెండేళ్లు దీని మీద ఇల్లు గడవదు. నాకు మొదటి నెల ఒక ప్రైవేటు స్కూల్లో వారానికి మూడు రోజులకి వచ్చింది 6 వేలు. పక్కన ఇంకో పని ఉండాల్సిందే, నేను మా బావ హార్డ్‌వేర్ షాపులో పొద్దున లెక్కలు రాసేవాడిని. తరవాత ఇంకో స్కూల్ వాళ్లు నోటి మాట మీద పెట్టుకుని, మూడు నెలల జీతం ఎగ్గొట్టి, యాన్యువల్ డే నాడు మాత్రం శాలువా కప్పారు. ఆ శాలువా ఇంకా ఉంది, చలికాలం ప్రాక్టీస్‌కి కప్పుకుపోతా. కాబట్టి ఎంత తెలిసినవాళ్లయినా కాగితం మీద రాయించుకో: వారానికి ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, బంతులు ఎవరు కొనాలి, సెలవు నెలల్లో జీతం ఉందా లేదా, టోర్నమెంట్ ప్రయాణ ఖర్చు ఎవరిది.

సొంత బ్యాచ్ పెట్టుకుంటే ఫీజు పెట్టు, ఫ్రీగా చెప్పకు. ఫ్రీ అంటే ఎవరూ టైమ్‌కి రారు. ఇవ్వలేని పిల్లలు ఉంటారు, వాళ్లని వేరుగా, చెప్పకుండా, చేర్చుకో. ఖేలో ఇండియా సెంటర్లలో మాజీ ఆటగాళ్లని కోచ్‌లుగా తీసుకుంటారు, ఆ నోటిఫికేషన్లు జిల్లా క్రీడా అధికారి ఆఫీసులో కనుక్కుంటూ ఉండు, అక్కడే ఇందాక చెప్పిన ఫైల్ పనికొస్తుంది.

ఎంత ఎత్తుకి పోవచ్చు అంటే ఖాలిద్ జమీల్‌ని చూడు. ఆడే రోజుల్లో గాయాలతో సీజన్లు పోగొట్టుకున్న మిడ్‌ఫీల్డర్. 2009లో ఏ క్లబ్‌లో ఆట ఆపాడో ఆ ముంబై ఎఫ్‌సీకే కోచ్ అయ్యాడు, ఏడేళ్లు అక్కడే ఉన్నాడు, ఆ తరవాత 2016-17లో ఐజాల్ అనే చిన్న క్లబ్‌తో జాతీయ క్లబ్‌ల పోటీ ఐ-లీగ్ గెలిచాడు, 2025 ఆగస్టులో ఇండియా హెడ్ కోచ్ అయ్యాడు. నాకు ఇందులో నచ్చేది ఇండియా కోచ్ కావడం కన్నా ఆ ముంబైలో ఏడేళ్లు. మనవాళ్లు ఏడు నెలలకే "ఇక్కడ ఫుట్‌బాల్‌కి విలువ లేదన్నా" అని జిమ్ పెట్టుకుంటారు.

ఒక్క జాగ్రత్త మిగిలింది

పిలకాయల ప్రాక్టీస్ మ్యాచ్‌లో నువ్వు దూరొద్దు. చాలా ఆశగా ఉంటుంది, బంతి కాలి దగ్గరికి వస్తుంది, ఇద్దరిని దాటించి గోల్ కొడితే పిల్లలు కేకలేస్తారు. ఆ పూట వాళ్లు ఏమీ నేర్చుకోరు, నిన్ను చూస్తూ నిలబడతారు, నీ మోకాలు మూడు రోజులు వాస్తుంది. ఆడాలనిపిస్తే ఆదివారం మన పాతవాళ్ల మ్యాచ్ ఉంది కదా, పొద్దున ఏడింటికి, పొట్టలేసుకుని వస్తారు అందరూ, అక్కడ ఆడు. పోయిన వారం నేనూ ఆడా. గోల్‌కీపర్ లేడు, ఎదురుగా ఖాళీ గోల్, తీరిగ్గా తన్నితే బంతి బార్ మీదుగా పోయి గోడ అవతల పడింది. గోడ మీద మా బ్యాచ్ పిలకాయలు ఇద్దరు కూర్చుని ఉన్నారు, నేను చూడలేదు. సోమవారం ప్రాక్టీస్‌కి వచ్చి, చాలా మర్యాదగా అడిగారు: "సార్, నిన్న బంతి రాకముందు ఏం చూశారు సార్?"